సగం మైల కోడి

చిరంజీవులకు,

చెఫ్ కావాలంటే రోజుకో కొత్త వంటకం కనిపెట్టాలా తాతయ్యా అని అడిగారు. హోటల్ వంటింట్లో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పినవాణ్ణి, నాకూ ఓ అభిప్రాయం లేకపోలేదు. కానీ దీనికి నాకంటే బాగా జవాబు చెప్పగల ఆవిడ ఒకరున్నారు. పేరు యూజెనీ బ్రాజియే, ఫ్రాన్సు దేశం.

1895లో బ్రెస్ అనే పల్లెసీమలో పుట్టింది. అయిదో ఏటి నుంచీ పందులు కాసేది. పొలం పనులుండని చలికాలంలోనే బడి. పదేళ్ళకు తల్లి పోయింది. పందొమ్మిదేళ్ళకు, పెళ్ళి కాకుండానే తల్లయిందని తండ్రి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. లియోన్ నగరం చేరి, ఒక కలవారింట్లో పనికి కుదిరింది.

లియోన్‌లో పేరుపడ్డ వంటగత్తెల్ని 'మేర్' అనేవారు, అంటే అమ్మ. కలవారిళ్ళలో వండి వండి చెయ్యి తిరిగాక సొంతంగా భోజనశాల పెట్టుకున్నవాళ్ళు వాళ్ళలో చాలామంది. నాకైతే మన పూటకూళ్ళమ్మలే గుర్తొస్తారు. అలాంటి మేర్ ఫియూ అనే ఆవిడ దగ్గర యూజెనీ పనిలో చేరి, ఒక కోడి వంటకం పట్టుకుంది.

ఆ కోడి సంగతి చెప్పాలి. ట్రఫుల్ అని, నేలలో పెరిగే నల్లటి పుట్టగొడుగు ఉంది. దాన్ని పల్చటి బిళ్ళలుగా తరిగి కోడి చర్మం కిందికి దూరుస్తారు. తరవాత కూరగాయలు వేసిన నీళ్ళలో సన్నని సెగ మీద ఉడికిస్తారు. తెల్లటి చర్మం కింద నల్ల మచ్చలు! అక్కడ పూర్వం ఇంట్లో ఎవరైనా పోతే నల్లబట్టలు కట్టేవారు, కొన్నాళ్ళు పోయాక నలుపుతో తెలుపు కలిపేవారు. అందుకని దీన్ని సగం మైలలో ఉన్న కోడి అన్నారు. మసాలా లేదు, వేపుడు లేదు. కోడి మంచిది కాకపోతే దాచిపెట్టడానికి ఏమీ ఉండదన్నమాట. ఆ కోడి ఎక్కడిదంటారు? తను పుట్టిన బ్రెస్‌దే. పచ్చికలో తిరిగి, మొక్కజొన్నా పాలూ తిని పెరిగేది. తెల్ల ఈకలు, ఎర్ర జుట్టు, నీలి కాళ్ళు. 1957లో ఆ పేరుకు చట్టమే రక్షణ ఇచ్చింది.

1921లో యూజెనీ ఒక పాత కిరాణా కొట్టు కొని భోజనశాల పెట్టింది. పదిహేనుమందికి చోటు. కొన్నేళ్ళకు ఊరి బయట లుయేర్ కొండ మీద ఇంకోటి. 1933లో, భోజనశాలలకు నక్షత్రాలతో మార్కులేసే మిషెలిన్ గైడు పుస్తకం వాళ్ళు రెండింటికీ మూడేసి నక్షత్రాలిచ్చారు, అంతకు మించి ఇవ్వరు. ఒకే మనిషికి ఆరు నక్షత్రాలు రావడం అదే మొదలు, మళ్ళీ అలా జరిగింది 1998లోనే. ఇంతా చేసి ఆవిడ వడ్డించే పదార్థాలు ఏళ్ళ తరబడి దాదాపు అవే! ఆర్టిచోకులనే కూరగాయ, చేప ముద్దలు, ఈ కోడి. వాటిలాగే సరుకు మీద ఆవిడ పట్టుదలా మారలేదు. నచ్చని కోడి వెనక్కి పోవలసిందే. వంటింటి శుభ్రం విషయంలో మరీ చాదస్తం. (నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళు నన్నూ అలాగే తిట్టుకున్నారు లెండి.)

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పాల్ బొకూజ్ అనే కుర్రాడు కొండ మీద ఆవిడ దగ్గర పనికి చేరాడు. తరవాత్తరవాత ఫ్రాన్సులో అంత పేరు తెచ్చుకున్న చెఫ్ లేడు. అతనికి ఆవిడ అప్పగించినవి ఏమిటో తెలుసా? ఆవుల పాలు పితకడం, కూరగాయల మడి చూడటం, బట్టలుతికి ఇస్త్రీ చెయ్యడం. వంట కూడాననుకోండి. తినడానికొచ్చినవాళ్ళకు తెల్లటి దుప్పటి పరిచిన బల్ల కూడా భోజనంలో భాగమే కదా.

ప్రభుత్వం 'లెజియన్ ఆఫ్ ఆనర్' అనే పెద్ద బిరుదు ఇస్తానంటే ఆవిడ వద్దంది. బాగా వండటం కంటే పెద్ద పనులు చేసినవాళ్ళకు ఇవ్వండి అందిట. 1977లో పోయింది. ఆ కొండ మీద ఆవిడ పందుల్ని కూడా పెంచేది. భోజనశాలలో మిగిలినదంతా వాటికే.

మీ తాతయ్య