నలుగురున్న తరగతికి శాతాలెందుకు? చిన్న బడుల నాణ్యతపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఐదో తరగతిలో పోయినేడు 75 శాతం మంది చదవగలిగారు, ఈసారి 50 శాతమే. బడి దిగజారింది.

వాస్తవం: తరగతిలో ఉన్నది నలుగురు. ఒక్క పిల్లాడితో 25 శాతం అటూ ఇటూ అవుతుంది. వాడు పుణె వలసనుంచి జనవరిలో తిరిగొచ్చినవాడైతే ఆ లెక్క సారు పనితనాన్ని చెప్పదు. మహబూబ్‌నగర్, నారాయణపేట తండాల్లో ఇది మామూలే. శాతం మానేసి పిల్లకో వరుస రాయండి: పేరు, చేరిన నెల, హాజరైన రోజులు, ఇప్పటి స్థాయి. బడినీ బడినీ పోల్చక తప్పకపోతే ఒక్క ఏడాది కాదు, వరుసగా మూడు విద్యా సంవత్సరాల్లో ఆ తరగతి చదివిన పిల్లలందరినీ కలిపి చూడండి.

అపోహ: పాఠం గడగడా చదువుతున్నారంటే చదవడం వచ్చినట్టే.

వాస్తవం: సగం కంఠతా పట్టిందే. అదే పాఠంలో చివరి పదం నుంచి వెనక్కి వేలు పెట్టి చూపండి, బండారం తెలుస్తుంది. తర్వాత ఎన్నడూ చూడని నాలుగు వాక్యాల పేరా ఇవ్వండి. అందులో ‘గమ్మత్తు’, ‘కష్టం’ లాంటి ఒత్తు పదాలు ఐదారు ఉండాలి. ఆగింది గుణింతం దగ్గరా, ఒత్తు దగ్గరా రాసుకోండి. ఒక్కొక్కరినే విడిగా కూర్చోబెట్టాలి. పక్కవాడు అందిస్తే ఆ పరీక్ష దండగ.

లెక్కల్లోనూ అంతే. 52లోంచి 37 తీసేయమంటే ఒకరు 25 అంటారు, ఇంకొకరు 89. మార్కుల పట్టికలో ఇద్దరికీ సున్నా. మొదటి పిల్ల 7లోంచి 2 తీసేసింది, అంటే పదుల నుంచి అప్పు తేవడం రాలేదు. రెండో వాడు గుర్తు చూడకుండా కూడేశాడు. మొదటి పిల్లకు పుల్లల కట్టలతో స్థానవిలువ మళ్లీ చెప్పాలి, రెండో వాడికి గుర్తు చూపి ఇంకోసారి చేయిస్తే చాలు. తండా బడిలో ఒకటి, రెండు తరగతుల వాళ్లకు ప్రశ్న లంబాడీలో అడిగించండి. లేదంటే లెక్క వచ్చిన పిల్లకు కూడా రాదని రాసేస్తాం.

అపోహ: సర్వేలో జిల్లా వెనకబడింది, కాబట్టి మా బడీ అంతే.

వాస్తవం: 2024 జాతీయ సర్వే (కేంద్రం జరిపిన ‘పరఖ్’) 3, 6, 9 తరగతులకు, అదీ ఎంపిక చేసిన బడుల్లోనే జరిగింది. మీ బడి సంగతి అందులో వెతకొద్దు.

అపోహ: ఒక్క టీచరున్న బడిలో చదువు సాగదు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలి. ఆ కొరతను కొరతగానే రాయండి, సారు లోపంగా కాదు. ఇక బోధన చూడాలంటే వెనక కూర్చొని పది నిమిషాలకోసారి లెక్కపెట్టండి: సారు దగ్గర ఎందరు, సొంతంగా పని చేసుకుంటున్నది ఎందరు, పలక ముందు పెట్టుకొని ఊరికే ఉన్నది ఎందరు. మూడో అంకెను బట్టే బడి సంగతి చెప్పొచ్చు. వంట బియ్యం, రిజిస్టర్లకు పోయిన సమయం విడిగా రాయండి.

అపోహ: ఒకరోజు తనిఖీ చాలు.

వాస్తవం: పత్తి ఏరే రోజుల్లో వెళ్తే నాలుగు, ఐదు తరగతుల పిల్లలే కనిపించరు. గద్వాల వైపు సీడు పత్తి క్రాసింగ్ (విత్తనం కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) నడిచేటప్పుడూ అదే తీరు. వేర్వేరు వారాల్లో మూడుసార్లు తలలు లెక్కపెట్టి హాజరు పట్టీతో, భోజనం లెక్కతో సరిచూడండి. రాని పిల్లల పేర్లు తీసుకొని, వచ్చిన రోజు వాళ్లకూ అదే పేరా ఇవ్వండి.