సైడుకి ఆరు పాటలు

తెనాలి

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు కారులో మీరు పెట్టిన పాటని మీ మామయ్య సగంలో ఆపేసి, "ఇవీ ఒక పాటలేనా? పాట అనేది ఘంటసాలతోనే పోయింది" అన్నాడు. చిన్నోడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కారు దిగాక అమ్మలు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, నువ్వు చెప్పు. నిజంగానే ఇప్పటి పాటలు బాగోవా?" అని అడిగింది. నేను ఏదో అనేసి దాటేశాను. ఆ తర్వాత రెండు రోజులు అదే గుచ్చుతూ ఉంది. పద్నాలుగేళ్ళు పాటల క్యాసెట్ల షాపు నడిపిన మనిషిని. ఆ ప్రశ్నకి నేను సరిగ్గా జవాబు చెప్పకపోతే ఎలా? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు మా షాపు సంగతి చెప్పాలి, మీకు తెలియదు కాబట్టి. 1984లో పెట్టాను. అప్పట్లో కావలసిన పాట కావలసినప్పుడు వినే వీలు లేదు. జనం తమకి ఇష్టమైన పాటలు కాయితం మీద రాసుకుని వచ్చేవారు. వాటిని నా దగ్గరున్న రికార్డుల నుంచి ఖాళీ క్యాసెట్ మీదకి వరసగా ఎక్కించి ఇచ్చేవాణ్ణి. లోపలి అట్ట మీద పాటల పేర్లు రాసేది మీ అమ్మ. బడి నుంచి రాగానే స్టూలెక్కి కూర్చుని, నాలుక బయటపెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది. క్యాసెట్‌ని సి-60 అనేవాళ్ళం, అంటే సైడుకి ముప్పై నిమిషాలు. చరణం మధ్యలో టేపు అయిపోతే లిస్టు ఇచ్చినాయన ఊరుకోడు కదా, అందుకని ప్రతి పాట ఎన్ని నిమిషాలో నాకు నోటికి వచ్చేసింది. ఘంటసాల గారి కాలం పాటలైతే సైడుకి ఎనిమిది పట్టేవి. ఎనభైల్లో పాటలైతే ఆరే.

ఈ ఎనిమిదికీ ఆరుకీ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకుంటే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. పాత రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక పక్కన మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. అంతకన్నా పెద్ద పాటైతే సగం విని, లేచి వెళ్ళి, రికార్డు తిరగేసి మిగతా సగం వినాలి. అందుకే సంగీత దర్శకులు పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో చిన్న చిన్న వాద్యాల బిట్లు, అన్నీ ఆ మూడు నిమిషాల్లో సర్దేసేవారు. తర్వాత పెద్ద రికార్డులు, క్యాసెట్లు వచ్చాయి. చోటు దొరికింది, పాట కాళ్ళు చాపుకుంది. ఇప్పుడు మీ ఫోన్లొచ్చాక మళ్ళీ చాలా పాటలు కురచగా వస్తున్నాయి, మొదటి పదిహేను సెకన్లలోనే చెవికి పట్టేయాలన్న తొందరతో. "రీల్స్ కోసం పాటని కత్తిరిస్తున్నారు" అని మామయ్య అంటే, ఆయన ప్రాణం పెట్టే పాటలు కూడా రికార్డు కొలతకి కత్తిరించినవేనని చెప్పండి. ఆ ఇరుకులో కూడా ఎంత గొప్ప పని జరిగిందో చూడండి. 1957లో సువర్ణసుందరి సినిమాకి ఆదినారాయణరావు గారు ఒక్క పాటలోనే రాగం తర్వాత రాగం మార్చుకుంటూ రాగమాలిక కట్టారు, "హాయి హాయిగా ఆమని సాగే" అని. అదే బాణీ ఆయన చేతులమీదుగానే హిందీకి కూడా వెళ్ళింది.

ఇంకో సంగతి. మొన్న అటక మీద నుంచి నా ఆర్డర్ల పుస్తకం ఒకటి దింపాను, 1987 నాటిది. ఒక పేజీ తీసి చూశాను. నలుగురు ఇచ్చిన లిస్టులు, మొత్తం నలభై ఒక్క పాటలు. అన్నీ నా చేత్తో ఎక్కించినవే. అందులో ఇప్పుడు పల్లవి వరకైనా నాకు గుర్తున్నవి పదహారు. మిగతా ఇరవై ఐదింటి పేర్లు చదువుతుంటే ఎవరో తెలియని వాళ్ళ పెళ్ళి శుభలేఖ చదువుతున్నట్టుంది. ఒక పాటైతే ఆ నెలలో అరడజను లిస్టుల్లో ఉంది. అంటే ఊరంతా పాడుకున్న పాటన్నమాట. అది ఏ సినిమాలోదో నాకిప్పుడు తట్టడం లేదు. మామయ్య "పాత పాటలు" అనేది ఆ పదహారింటినే. చెరిగి, రాళ్ళు ఏరి, డబ్బాలో పోసుకున్న బియ్యం అవి. వాటిని తీసుకొచ్చి మిల్లు దగ్గర నుంచి ఇప్పుడే దిగిన బస్తాతో పోలిస్తే బస్తా ఓడిపోక ఏం చేస్తుంది?

ఈ మాట మామయ్యతోనే మొదలవలేదు కూడా. మా తాతగారు పద్యనాటకాల మనిషి. తెనాలిలో రాత్రంతా నాటకం చూసి, నచ్చిన పద్యానికి "వన్స్ మోర్" అని అరిచి మళ్ళీ పాడించుకున్న రోజులు ఆయనవి. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు టాకీ వచ్చింది. ఆ తర్వాత సినిమా పాటలు ఊరూరా పాకడం ఆయనకి అసలు గిట్టలేదు. "రాగం తియ్యడం చేతకానివాళ్ళకి పాట" అనేవారట. ఆయన కొడుకు, అంటే మా నాన్నగారు, ఆ సినిమా పాటకే దాసుడైపోయారు. ఘంటసాల గారు పోయిన రోజు, 1974 ఫిబ్రవరి 11, నాకు పద్దెనిమిదేళ్ళు. హోటల్ ముందు రేడియో చుట్టూ జనం నిలబడి ఉన్నారు, ఎవరూ కాఫీ అడగడం లేదు. నాన్నగారు ఆ పూట అన్నం తినలేదు. అప్పటి నుంచి ఏళ్ళ తరబడి రేడియోలో బాలు గారి పాట వస్తే లేచి వరండాలోకి వెళ్ళిపోయేవారు. ఆ గొంతు సన్నం అనేవారు, బరువు లేదనేవారు. 1980లో మా అమ్మ పోరగా పోరగా శంకరాభరణం చూడ్డానికి వెళ్ళారు. వచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున నూతి దగ్గర చేద లాగుతూ అందులో పాట కూనిరాగం తీస్తున్నారు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. ఆయనకి తెలిస్తే ఆపేస్తారని దగ్గకుండా ఊపిరి బిగబట్టుకున్నాను.

తర్వాత నా వంతు వచ్చింది. తొంభైల్లో రెహమాన్ గారి పాటలు వచ్చినప్పుడు ఇదేం మోత అనుకున్నాను. మీ అమ్మ ఆ క్యాసెట్‌ని టేపు అరిగి గొంతు వణికేదాకా విన్నది. ఇవాళ ఆ పాట ఎక్కడైనా వినపడితే దాని కళ్ళు చెమరుస్తాయి, మీరు చూసే ఉంటారు. పదిహేను నుంచి ఇరవై ఏళ్ళ మధ్య విన్న పాట ఒంట్లోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత వచ్చినది ఎంత మంచిదైనా పైపైనే ఉంటుంది. ఇది పాట తప్పు కాదు, మన వయసు.

అయితే తాతయ్య మా పక్షమే అని గంతులేయకండి. పోయినది ఒకటుంది. నాకు నిజంగా బాధగా ఉండేది అదే.

మీ లిస్టులో పాటలు పన్నెండు నాకు పంపారు కదా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కో పాట పల్లవి కాయితం మీద రాద్దామని కూర్చున్నాను. ఏడు పాటలకి రాయగలిగాను. ఐదింటికి మూడేసి సార్లు విన్నా మాట పట్టుకోలేకపోయాను. నా చెవులు ముసలివైపోయాయేమో అని మీ అమ్మమ్మని పిలిచాను. పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాణ్ణి కూడా పిలిచాను. ముగ్గురం మూడు రకాలుగా రాశాం.

మన భాషలో ఒక్క అక్షరం సాగదీస్తే అర్థమే మారిపోతుంది. మీకే తెలుసు, "పలు" అంటే అనేకం, "పాలు" అంటే పాలు. "గది" వేరు, "గాది" వేరు. ట్యూన్‌లో ఎక్కడ సాగాలో అక్కడ దీర్ఘమున్న మాట పడాలి, ఎక్కడ తుంచాలో అక్కడ పొట్టి అక్షరం పడాలి. అది కుదరకపోతే పాడేవాళ్ళు "పలు"ని "పాలు" చేసేస్తారు, వినేవాళ్ళు తికమకపడతారు. మహదేవన్ గారి పద్ధతి ఏమిటంటే, కవి రాసిన పాట ముందు పెట్టుకుని దానికి బాణీ కట్టేవారు. ఆయన మాతృభాష తెలుగు కాదు. అయినా ఆయన పాటలో మాట ఎక్కడా విరగదు, మనం మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగుతామో పాటా అక్కడే ఆగుతుంది. ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత పొదగడం తప్పని నేననను. వేటూరి గారు, సిరివెన్నెల గారు ట్యూన్‌కే ఎన్నో గొప్ప పాటలు రాశారు. కానీ దానికి కవి దగ్గర కూర్చునే ఓపిక కావాలి. ఈ మాట ఇక్కడ ఒదగడం లేదు, ట్యూన్ కాస్త మార్చండి అని కవి అడిగితే వినే సంగీత దర్శకుడు కావాలి.

ఉచ్చారణ సంగతీ అంతే. ప్రియురాలి "కళ్ళు" అనాల్సిన చోట "కల్లు" అని వినపడితే నాకు ఆ పాట అక్కడే చచ్చిపోతుంది. పాడేవాళ్ళు బయటి రాష్ట్రం వాళ్ళు కాబట్టి అనకండి. రఫీ గారు 1969లో రామారావు గారికి భలే తమ్ముడులో పాడితే తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. చిత్ర గారిది కేరళ, ఆమె తెలుగులో ళ, ణ ఎంత శుభ్రంగా ఉంటాయో చెవి పెట్టి వినండి. తేడా ఎక్కడంటే రిహార్సల్ దగ్గర. పూర్వం గాయకులు, వాద్యాలవాళ్ళు అంతా ఒకేసారి కూర్చుని రికార్డు చేసేవారు. ఒకరు తప్పితే అందరూ మొదటి నుంచి మళ్ళీ చెయ్యాలి. ఆ భయంతో ముందే పదిసార్లు పాడుకుని వచ్చేవారు. ఇప్పుడు లైను లైనుగా పాడి అతికించుకోవచ్చు, శ్రుతి తప్పితే కంప్యూటర్ సరిచేస్తుంది. "కల్లు"ని "కళ్ళు" చెయ్యాలంటే మాత్రం పక్కన తెలుగు తెలిసిన మనిషి నిలబడి చెప్పాలి. ఆ పైన వాద్యాల మోత మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో ఉంటే, ఉన్న మాట కూడా అందులో మునిగిపోతుంది.

ఇదంతా రాశాక మామయ్యకి మీరు చెప్పాల్సిన పాట ఒకటుంది. 2023లో బలగం సినిమా వచ్చింది. చివర్లో బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ గారు, మొగిలయ్య గారు పాడిన పాట. ఊళ్ళలో వీధిలో తెర కట్టుకుని అందరూ కలిసి ఆ సినిమా చూశారు. ఏళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని పేపర్లలో చదివాం. మన ఇంట్లో టీవీలో చూశాం కదా, గుర్తుందా? తెలంగాణ మాట, మన గుంటూరు జిల్లా చెవులు, అయినా ఒక్క ముక్క కూడా జారిపోలేదు. పాట అయ్యేసరికి మీ అమ్మమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. "పాట ఘంటసాలతోనే పోయింది" అన్న మీ మామయ్య ఆ రాత్రి వరండాలో కూర్చుని వాళ్ళ పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశాడు. ఐదేళ్ళ తర్వాత చేశాడు. మామయ్యకి అది గుర్తు చెయ్యండి, కానీ కాస్త నెమ్మదిగా.

వేసవి సెలవులకి వస్తారుగా. పాత టేప్ రికార్డర్‌కి బెల్టు వేయించాను, తిరుగుతోంది. ఖాళీ సి-60 ఒకటి సీలు తియ్యకుండా దాచాను. మీకు నచ్చిన ఈ కాలం పాటలు పన్నెండు, సైడుకి ఆరు చొప్పున, కాయితం మీద లిస్టు రాసుకుని రండి. పాట పేరు పక్కన పాడినవాళ్ళ పేరు రాయండి, రాసినవాళ్ళ పేరు కూడా వెతికి రాయండి. అట్ట మీద పేర్లు మీ అమ్మ చేత రాయిద్దాం.

ఆశీస్సులతో
మీ తాతయ్య