స్టేట్ బాంక్వెట్: బయట అనుకునేది, లోపల జరిగేది

ప్రోటోకాల్ డ్యూటీలో, అంటే ప్రభుత్వ లాంఛనాలు చూసే పనిలో, ఉన్న రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో విదేశీ అధినేతలకు రాష్ట్రపతి ఇచ్చే స్టేట్ బాంక్వెట్లకు, అదే అధికారిక విందులకు, చాలాసార్లు వెళ్లాను. ఎక్కువసార్లు చేతిలో ఫైలుతో గోడ పక్కన నిలబడ్డాను, కొన్నిసార్లు టేబుల్ చివర కూర్చుని తిన్నాను కూడా. రిటైరై ఊరొచ్చాక ఏ శుభకార్యానికెళ్లినా ఒకటే ప్రశ్న: "అక్కడ ఏం పెడతారు బాబాయ్?" ఆ విందులో అన్నిటికన్నా చిన్న సంగతి అదేనంటే ఎవరూ నమ్మరు. తరచూ నా చెవిన పడే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వంటకాలు లెక్కలేనన్ని ఉంటాయి, ఎంతసేపు కావాలంటే అంతసేపు తినొచ్చు.

వాస్తవం: మన పెళ్లిళ్ల బఫే పక్కన పెడితే ఆ మెనూ చాలా చిన్నది. సూప్, ఒకటి రెండు స్టార్టర్లు, నాలుగైదు ప్రధాన వంటకాలు, ఒక స్వీటు, చివర్లో కాఫీ. మెనూలో తరచూ కనిపించేది దాల్ రైసీనా. రాష్ట్రపతి భవన్ ఉన్న రైసీనా గుట్ట పేరే దానికి పెట్టారు. పొట్టు మినుములను సన్నసెగ మీద దాదాపు 48 గంటలు ఉడికిస్తారు. రుచి గురించి నన్నడిగితే బాగుంటుందనే అంటాను. కానీ ఆవకాయ అలవాటైన నాలుకకు ఆ వంటలన్నీ కాస్త చప్పగానే ఉంటాయి, ఏ దేశం మనిషైనా తినగలగాలి కదా మరి.

తీరిగ్గా తినడం మాత్రం కుదరదు. బాంక్వెట్ హాలు పొడవు 104 అడుగులు. అందులో ఒకటే పొడవాటి టేబుల్, దాని చుట్టూ 104 మంది కూర్చోవచ్చు. అంతమందికీ ఒకేసారి వడ్డించాలి, ఒకేసారి పళ్లేలు తీయాలి. గోడల మీద మాజీ రాష్ట్రపతుల చిత్రపటాలుంటాయి, రాధాకృష్ణన్, గిరి, నీలం సంజీవరెడ్డి పటాలు కూడా ఆ వరసలోవే. ఆ పటాల పైన చిన్న రంగు లైట్లుంటాయి. ఏ రంగు వెలిగితే వడ్డన మొదలుపెట్టాలో, ఏది వెలిగితే పళ్లేలు తీయాలో బట్లర్లకు తెలుసు. అతిథుల్లో చాలామంది ఆ లైట్లను గమనించనే గమనించరు. పక్కాయనతో కబుర్లలో పడి సగం తిన్నవాళ్లు తల తిప్పేసరికి పళ్లెం ఉండదు. మళ్లీ కావాలని అడగడం అక్కడ లేదు. అందుకే కొత్తగా వెళ్లే కుర్ర ఆఫీసర్లకు నేనిచ్చిన సలహా ఒకటే: ముందు తినండి, తర్వాత మాట్లాడండి.

అపోహ: టోస్ట్ అంటే మందు. గ్లాసులన్నీ వైన్‌తో నిండుతాయి.

వాస్తవం: మన స్టేట్ బాంక్వెట్లలో మద్యం ఉండదు. టోస్ట్ ఎత్తేది పళ్లరసంతోనే. భోజనానికి ముందు మన రాష్ట్రపతి ప్రసంగిస్తారు. ప్రసంగం చివర్లో అతిథి ఆరోగ్యానికి, ఆ దేశ ప్రజల అభివృద్ధికి, రెండు దేశాల స్నేహానికి అని గ్లాసు ఎత్తుతారు. తర్వాత అతిథి వంతు. లోపల ఏముందని ఎవరూ వాసన చూడరు. 2023 జూన్ 22న వైట్‌హౌస్‌లో మన ప్రధాని గౌరవార్థం ఇచ్చిన విందులో కూడా బైడెన్, మోదీ ఇద్దరూ టోస్ట్‌కు వాడింది జింజర్ ఏల్ అనే, మద్యం లేని అల్లం సోడా. ఇద్దరికీ మందు అలవాటు లేదు.

అపోహ: ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్లు ముందు వరసలో కూర్చుంటారు.

వాస్తవం: ఈ ఒక్కదాని గురించి రోజంతా చెప్పగలను. స్టేట్ బాంక్వెట్‌లో అసలు పని వంటింట్లో కాదు, సీటింగ్ ప్లాన్‌లో ఉంటుంది.

మన దేశంలో ఎవరి తర్వాత ఎవరన్నది చెప్పే పట్టిక ఒకటుంది. 1979 జూలై 26న రాష్ట్రపతి సచివాలయం ఇచ్చిన నోటిఫికేషన్, తర్వాత దానికి కొన్ని సవరణలు జరిగాయి. ప్రభుత్వ లాంఛనాల సందర్భాలకే అది వర్తిస్తుంది, రోజువారీ పాలనకు కాదు. అందులో ముఖ్యమంత్రి సొంత రాష్ట్రంలో ఉంటే 7వ స్థానం, రాష్ట్రం దాటితే 8. అంటే హైదరాబాద్‌లో కేంద్ర కేబినెట్ మంత్రితో సమానంగా ఉన్న మనిషి ఢిల్లీ విందుకొస్తే విదేశీ రాయబారుల వరసలోకి వస్తారు. ఇది అవమానం కాదు, రాసిపెట్టిన లెక్క. కానీ వెంట వచ్చిన అనుచరులకు అది చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు.

పట్టిక చూసి కార్డులు పెట్టేస్తే పని అయిపోతుందా అంటే, కాదు. టేబుల్ మధ్యలో రాష్ట్రపతి, ప్రధాన అతిథి కూర్చుంటే అక్కడి నుంచి రెండు వైపులా హోదా తగ్గుతూ పోవాలి. మనవాళ్లు, వాళ్లవాళ్లు కలిసిపోయి ఉండాలి. పక్కపక్కన కూర్చునే ఇద్దరికీ ఒక భాషైనా కలవాలి. వాణిజ్య మంత్రి పక్కన వాణిజ్యం మాట్లాడగలవాళ్లుంటే మంచిది. ఇవన్నీ సరిపెట్టి, సంతకాలయ్యాక, సాయంత్రం 5 దాటాక ఫోన్ వస్తుంది: ఫలానా మంత్రిగారు రావడం లేదు.

ఒకసారి సరిగ్గా అలాగే జరిగింది. మధ్యకు దగ్గర్లో ఒక కుర్చీ ఖాళీ. దాన్నలా వదిలేస్తే టీవీ కెమెరాల్లో మొదట కనిపించేది అదే. కిందివాళ్లలో ఒకరిని పైకి జరిపితే ఆయన వదిలిన చోటు ఖాళీ. ఆ వైపంతా ఒక్కో కుర్చీ జరిపితే ఇంగ్లిష్ రాని అతిథి పక్కకు ఆయన భాష రాని మనిషి వచ్చి పడ్డాడు. చివరికి తొమ్మిది పేర్ల కార్డులు మార్చాం. అతిథులు ఎవరి సీటు ఎక్కడో చూసుకోడానికి చేతికిచ్చే చిన్న ప్లాన్ కార్డులు మళ్లీ ప్రింట్ కొట్టించాం. ఆ టెన్షన్‌లో మధ్యాహ్నం తాగిన టీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. హాల్లోకి వచ్చినవాళ్లలో ఒక్కరికి కూడా ఏదో మారిందని తెలియలేదు. మా ఉద్యోగంలో మెప్పంటే అంతే, ఎవరూ ఏమీ అనకపోవడం.

అపోహ: శాకాహారులకు అక్కడ తిప్పలే.

వాస్తవం: తిప్పలేం లేవు. ఆహ్వానంతో పాటే ఎవరేం తింటారో కనుక్కుంటారు. శాకాహారి ముందు గుర్తుగా ఒక పువ్వు పెడతారు, దాన్ని చూసి బట్లరు వడ్డిస్తాడు. ఆ పువ్వును అలంకారమనుకుని తీసి పక్కాయన వైపు జరిపే మహానుభావులుంటారు, అప్పుడు మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. 2023 సెప్టెంబర్ 9న భారత్ మండపంలో జీ20 దేశాధినేతలకు రాష్ట్రపతి ఇచ్చిన విందైతే మొత్తం శాకాహారమే. కొర్రలు, సామలు, ఊదలు, పనసకాయ. మన ఇళ్లలో అమ్మమ్మలు వండిన ధాన్యాలే పెద్ద పెద్ద పేర్లతో పళ్లెంలోకి వచ్చాయి.

అపోహ: ఏ స్పూన్ ఎప్పుడు వాడాలో తెలియకపోతే పరువు పోతుంది.

వాస్తవం: పోదు. బయటి వైపు నుంచి లోపలికి వాడుకుంటూ రండి, అంతే. అసలు మీ వైపు చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

అపోహ: పెద్ద నిర్ణయాలు ఆ టేబుల్ దగ్గరే జరుగుతాయి.

వాస్తవం: అప్పటికే అన్నీ అయిపోయి ఉంటాయి. పొద్దున రాష్ట్రపతి భవన్ ముందు గౌరవ వందనం, తర్వాత రాజ్‌ఘాట్, ఆ తర్వాత హైదరాబాద్ హౌస్‌లో చర్చలు, ఒప్పందాల మీద సంతకాలు. ఆ హైదరాబాద్ హౌస్ మన నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఢిల్లీలో కట్టించుకున్నదే, రాష్ట్రపతి భవన్‌కు ప్లాన్ గీసిన లుటియెన్సే దానికీ గీశాడు. రాత్రి విందు నాటికి మిగిలేది ప్రసంగాలు. అవి కూడా ముందే రాసి, చూసి, అచ్చేసి ఉంచినవే.

అయితే ఇద్దరు నాయకులు కెమెరాలు వెళ్లిపోయాక మాట్లాడుకునేది మాత్రం ఎవరూ రాసిచ్చింది కాదు. ఆ మాటలు మోసేది ఇంటర్‌ప్రెటర్. ఇద్దరి కుర్చీలకూ కొంచెం వెనకగా, మధ్యలో, చిన్న నోట్‌బుక్కుతో ముందుకు వంగి కూర్చుంటారు. వాళ్ల ముందు పళ్లెం ఉండదు. నాకు తెలిసిన ఒక రష్యన్ ఇంటర్‌ప్రెటర్ విందున్న రోజు సాయంత్రం నాలుగింటికే రెండు చపాతీలు తినేసి వచ్చేవాడు. మరీ ఎక్కువ తింటే నిద్రొస్తుందని, ఖాళీ కడుపుతో వస్తే వాసనకు మనసు పక్కకు పోతుందని అనేవాడు. ఆయన పని చూడటం నాకు భలే ఇష్టంగా ఉండేది. ఒకాయన ముద్ద నోట్లో పెట్టుకునేలోపు ఆయన మాట రెండోవైపు పూర్తయిపోవాలి. రెండో ఆయన నమిలి మింగేలోపు జవాబుకు సిద్ధంగా ఉండాలి. జోకు వేస్తే నవ్వు ఆలస్యం కాకూడదు. ఆ హాల్లో నిజంగా కష్టపడింది ఎవరని అడిగితే ఆయన పేరే చెబుతాను.

అపోహ: కోటూ టై లేకపోతే రానివ్వరు.

వాస్తవం: ఆహ్వానం మీదే డ్రెస్ ఏమిటో ఉంటుంది, జాతీయ దుస్తులు ఎక్కడైనా చెల్లుతాయి. మనవాళ్లు బంద్‌గలా, షేర్వానీ, చీరల్లో వస్తారు. 1963లో రాధాకృష్ణన్ అమెరికాకు, బ్రిటన్‌కు రాష్ట్రపతిగా వెళ్లినప్పుడు కూడా తలపాగా, పొడుగు కోటే.

అపోహ: తెలిసినవాళ్లుంటే లోపలికి దూరిపోవచ్చు.

వాస్తవం: ఒకసారి నిజంగానే దూరారు, మన దగ్గర కాదు. 2009 నవంబర్ 24న ఒబామా తన మొదటి స్టేట్ డిన్నర్ మన్మోహన్ సింగ్‌కు ఇచ్చారు. పిలవని పేరంటానికి ఒక జంట దర్జాగా తయారై వచ్చి, ఒబామాతో చేయి కలిపి మరీ వెళ్లింది. ఆ తర్వాత అక్కడ పెద్ద దుమారమే రేగింది. ఆ వార్త చదివిన రోజు మా ఆఫీసులో అతిథుల జాబితాను ఇంకోసారి సరిచూడని మనిషి లేడు.

అపోహ: ఫలక్‌నుమాలో జరిగింది కూడా స్టేట్ బాంక్వెటే.

వాస్తవం: హైదరాబాద్‌లో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. 2017 నవంబర్ 28న ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే ఆ పేరున్న టేబుల్ మీద విందు ఇచ్చింది ప్రధాని. సందర్భం ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. ఇవాంకా ట్రంప్ వచ్చింది అమెరికా అధ్యక్షుడి సలహాదారుగా. ఆర్భాటం ఎంతున్నా అది స్టేట్ బాంక్వెట్ లెక్కలోకి రాదు. మన దగ్గర అధికారిక పర్యటనకు వచ్చిన దేశాధినేతకో ప్రభుత్వాధినేతకో రాష్ట్రపతి ఇస్తేనే ఆ పేరు. అలాగే శీతాకాల విడిదికి వచ్చినప్పుడు బొల్లారం రాష్ట్రపతి నిలయంలో ఇచ్చే "ఎట్ హోమ్" తేనీటి విందు కూడా బాంక్వెట్ కాదు. దానికి వెళ్లొచ్చిన మా వియ్యంకుడు ఇప్పటికీ రాష్ట్రపతితో కలిసి బాంక్వెట్ తిన్నానని చెబుతుంటాడు. నేను సరిదిద్దడం మానేశాను, వియ్యపురాలు వింటూ ఉంటుంది.