సముద్రం గాలించిన ఇసుక

బీకాం చదివే అమ్మాయి ఒకరు ఆర్కే బీచ్ ఇసుక మీది నల్లచారలను ఫోటో తీసుకొచ్చి చూపించింది. "మేడమ్, ఇదంతా ఫ్యాక్టరీల మసా?" విశాఖలో దుమ్ము బాధ ఉన్నదే కాబట్టి ఆ అనుమానం రావడంలో తప్పులేదు. కానీ ఆ చారలు మసి కాదు. కాగితం చుట్టిన అయస్కాంతాన్ని వాటి మీద తిప్పండి, కొన్ని నల్ల రేణువులు లేచి అంటుకుంటాయి. అది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. మిగతా నలుపులో ఎక్కువ భాగం ఇనుము, టైటానియం కలిసిన ఇల్మనైట్. భూతద్దంలో గులాబీ రంగులో మెరిసేవి గార్నెట్ అనే ఖనిజపు రేణువులు.

ఇంట్లో బియ్యం గాలించడం చూసే ఉంటారు. గిన్నెలో నీళ్లు పోసి తిప్పుతూ వంచుతుంటే బియ్యం నీళ్లతో పాటు జారిపోతాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి. అల చేసేదీ ఇదే పని. ఒడ్డుకు దూసుకొచ్చేటప్పుడు అన్ని రేణువులనూ మోసుకొస్తుంది. వెనక్కి మళ్లేసరికి కొంత నీరు ఇసుకలో ఇంకి బలం తగ్గుతుంది. అప్పుడు మామూలు ఇసుకలోని తేలికైన తెల్లని ఖనిజం క్వార్ట్జ్‌ను లాక్కెళ్లి, బరువైన నలుపును వదిలేస్తుంది.

మరి గాలించడానికి నీళ్లే ఎందుకు? ఇది నాకు ఎంతో ఇష్టమైన లెక్క. ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో క్వార్ట్జ్ సాంద్రత 2.65, ఇల్మనైట్‌ది సుమారు 4.7. అంటే 1.8 రెట్లు. మునిగిన రేణువును నీళ్లు పైకి ఎత్తుతాయి కాబట్టి, రెండింటిలోంచీ సముద్రపు నీటి సాంద్రత 1.03 తీసేయండి. 1.62, 3.67 మిగులుతాయి. ఇప్పుడు తేడా 2.3 రెట్లు! నీళ్లలో మునిగితే తేలికది ఇంకా తేలికైపోతుంది. పైగా నల్ల రేణువులు చిన్నవి. ఒకే వేగంతో అడుగుకు దిగే రెండు రేణువుల్లో బరువైన ఖనిజానిదే చిన్న రేణువు. కిందకు చేరాక పెద్ద తెల్ల రేణువు పైకి పొడుచుకుని ప్రవాహానికి దొరికిపోతుంది, చిన్న నల్లది సందుల్లో దాక్కుంటుంది. అందుకే సముద్రం రేగి తీరాన్ని కోసేసిన తర్వాత చారలు చిక్కబడతాయి.

గార్నెట్ అనగానే క్లాసులో కొందరు ఉంగరాల వైపు చూసుకుంటారు. రాహువు కోసం పెట్టుకునే గోమేధికం కూడా గార్నెట్ కుటుంబంలోదే. రాహువు మాత్రం రాయీ కాదు, మట్టీ కాదు. ఆకాశంలో చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లలో ఒకటి. రెండోది కేతువు. గ్రహణాలు ఆ చోట్ల దగ్గరే పడతాయి. భయపడి కొనుక్కున్న రాయిని ఒకసారి ఇష్టంగా చూడమని పిల్లలకు చెబుతాను.

మన బీచ్ గార్నెట్లు తూర్పు కనుమల ఖోండలైట్ రాయి నుంచి వచ్చినవి. కైలాసగిరి ఆ రాయే. కోందు గిరిజనుల పేరు మీదే దానికా పేరు. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట, తూర్పు అంటార్కిటికా మనకు అతుక్కుని ఉన్న కాలంలో, బురద పేరుకుని గట్టిపడిన పొరలు భూమి లోతుల్లోకి దిగాయి. అక్కడ 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికి, వాటిలో గార్నెట్ పుట్టింది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో ఆ ఎరుపు కూడా ఇలాంటి ఖనిజాల్లోని ఇనుము తుప్పు పట్టి ఇసుకకు పూతలా అంటుకున్నదే. ఈసారి పిల్లలను అక్కడికి తీసుకెళ్తున్నాను. అయస్కాంతం తెచ్చే బాధ్యత ఆ అమ్మాయిదే.