‘ది బాయ్స్’ వెనుక 1954 నాటి నియమావళి

బీసెంట్ రోడ్డులో పిల్లల బట్టలు కొనేవారికి సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ చొక్కాలు కొత్త కాదు. అందుకే కాబోలు, ‘ది బాయ్స్’ అనే ఓటీటీ ధారావాహికలో అమెరికా జెండాను వీపున కప్పుకొని ఎగిరే హోమ్‌లాండర్‌ను చూసి ఇదీ పిల్లల కథేననుకొని, కాసేపటికే రిమోట్ కోసం తడుముకున్న తల్లిదండ్రులు విజయవాడలో ఉన్నారు. వారిలో ఈ వ్యాసకర్త ఒకడు.

ఆ పొరపాటుకు మూలం 1954లో ఉంది. కామిక్స్ వల్ల బాలలు నేరాల బాట పడుతున్నారని మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్తమ్ పుస్తకం రాయడం, అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరపడం ఆ ఏడాదే జరిగాయి. చట్టం వస్తుందన్న భయంతో ప్రచురణకర్తలు తామే ఒక నియమావళి రాసుకున్నారు. మంచి ప్రతిసారీ గెలవాలి; పోలీసులు, న్యాయమూర్తులు, ప్రభుత్వాధికారుల పట్ల అగౌరవం కలిగేలా చిత్రించకూడదు. పేరుకు స్వచ్ఛందమే అయినా, ఆమోదముద్ర లేని సంచికలను పంపిణీదారులు తీసుకోకపోవడంతో అతీతశక్తుల వీరుడు పిల్లల అరకే పరిమితమయ్యాడు.

1971లో మాదకద్రవ్యాల హానిపై కథ రాయమని ప్రభుత్వ శాఖే కోరినా, ఆ స్పైడర్‌మ్యాన్ సంచికలకు ముద్ర దక్కలేదు. అవి ముద్ర లేకుండానే వెలువడ్డాయి. 1986లో మొదలైన ‘వాచ్‌మెన్’ కామిక్ వీరుడి నైతికతనే ప్రశ్నించింది.

గార్త్ ఎన్నిస్ రచన, డారిక్ రాబర్ట్‌సన్ బొమ్మలతో 2006లో వచ్చిన ‘ది బాయ్స్’ కామిక్ ఆ 1954 నియమావళిలోని ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేసింది. సూపర్‌మ్యాన్‌ను ప్రచురించే డీసీకి చెందిన వైల్డ్‌స్టార్మ్ దానిని ఆరు సంచికలకే వదిలించుకోవడంలో ఆశ్చర్యం లేదు. డైనమైట్ సంస్థ చేపట్టాక 72 సంచికలతో 2012లో ముగిసింది.

ఎరిక్ క్రిప్కీ రూపొందించిన ధారావాహిక 2019 జూలై 26న ప్రైమ్ వీడియోలో మొదలైంది. కామిక్‌లో ప్రధానంగా ఆయుధాల వ్యాపారం చేసే, హోమ్‌లాండర్ వంటి వీరులకు యజమాని అయిన వాట్ కంపెనీ ఇక్కడ సినిమాలూ ప్రకటనలూ కూడా నడుపుతుంది. పసికందులకు అతీతశక్తులనిచ్చే కాంపౌండ్ వి అనే మందు ఎక్కించి, ఆ శక్తులు దేవుడిచ్చినవని జనాన్ని నమ్మిస్తుంది. గాంధీనగర్ థియేటర్ల ముందు కటౌట్లకు జరిగే పాలాభిషేకాలు చూసినవారికి ఈ వ్యాపారాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కామిక్‌లోని క్రౌర్యం చాలాచోట్ల రెచ్చగొట్టడానికే అనిపిస్తుంది. ధారావాహిక మాత్రం ఆ క్రౌర్యంతో ఎవరి ఖజానా నిండుతోందో చూపింది.

మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం ఓటీటీలు కార్యక్రమాలను వయసులవారీగా వర్గీకరించి, తల్లిదండ్రులకు తాళం సదుపాయం ఇవ్వాలి. మా ఇంట్లో ఆ తాళానికి పిన్ నంబరు పెట్టింది తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయే.