సకినంలో నీళ్ల లెక్క

సంక్రాంతికి బియ్యప్పిండిని గుండ్రంగా చుట్టి నూనెలో వేయించే వంటకం సకినాలు. ఆ సకినాల పిండికి సాగే గుణం లేదు. గోధుమపిండిని తడిపితే అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే వల అల్లుకుంటాయి, అందుకే రొట్టెల పిండి రబ్బరులా సాగుతుంది. బియ్యంలో ఏడు శాతం దాకా మాంసకృత్తులున్నా అవి అలాంటి వల అల్లవు. అయినా సంక్రాంతి ముందు వరంగల్, కరీంనగర్, జగిత్యాల ఇళ్లలో ఆడవాళ్లు ఆ పిండినే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పుతూ నాలుగు చుట్లు తెగకుండా పోస్తారు. మరి దాన్ని పట్టి ఉంచేదేమిటి? వాగు ఒడ్డున పిల్లలు కట్టే పిచ్చుకగూళ్లను నిలబెట్టేదే. తడి ఇసుకలో రేణువుకీ రేణువుకీ మధ్య సన్నటి నీటిపొర ఉండి, తలతన్యత వల్ల రెంటినీ దగ్గరికి లాగుతుంది. నీళ్లు తగ్గితే గూడు రాలిపోతుంది, ఎక్కువైతే కూలిపోతుంది. సకినం తీరూ ఇంతే.

నానబెట్టినప్పుడు బియ్యంలోకి చేరిన నీళ్లు చుట్టేటప్పుడు పిండిని పట్టి ఉంచుతాయి. బట్ట మీద కొంత తగ్గి, నూనెలో ఆవిరై పోతాయి. డబ్బాలో పెట్టాక గాలిలోని తేమగా మళ్లీ లోపలికి రావాలని చూస్తాయి. పగిలిన సకినం, పేలిన సకినం, రాయిలా గట్టిపడిన సకినం, మెత్తబడి సాగే సకినం, వీటిలో దేన్ని తీసుకున్నా ఈ దారిలో ఎక్కడో నీళ్ల లెక్క తప్పిందనే అర్థం.

బియ్యం దగ్గర మొదలుపెడదాం. సన్నబియ్యమే కావాలని పట్టుబట్టక్కర్లేదు. వరంగల్ సన్నాలైనా, జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన జేజీఎల్ రకాలైనా, దొడ్డు బియ్యమైనా సకినాలకు సరిపోతాయి. కొత్త బియ్యం పిండికి కొంచెం జిగట ఎక్కువ, నీళ్లు తక్కువ పీలుస్తుంది, చుట్టు తెగదు. పాత బియ్యమైతే నీళ్లు ఎక్కువ అడుగుతుంది, అంతే తేడా. ఉప్పుడు బియ్యం మాత్రం వద్దు. వడ్లను ఉడకబెట్టి ఆరబోసినప్పుడే అందులోని పిండిపదార్థం ఒకసారి ఉడికిపోయింది. ఆ పిండి తడి తగలగానే ముద్దకడుతుంది, నూనెలో మళ్లీ కొత్తగా గట్టిపడే శక్తి దానికి అంతగా ఉండదు.

ఒక కిలో బియ్యానికి తెల్ల నువ్వులు 175 నుంచి 200 గ్రాములు, వాము 15 నుంచి 20 గ్రాములు, ఉప్పు 20 గ్రాములు. బియ్యాన్ని మూడుసార్లు కడిగి పది పన్నెండు గంటలు నానబెట్టాలి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. నిజానికి గింజ పీల్చుకోగలిగిన నీళ్లలో ఎక్కువ భాగం మొదటి రెండు గంటల్లోనే పీల్చుకుంటుంది. మరి రాత్రంతా ఎందుకు? గింజ లోపల పిండి రేణువులను బిగించి ఉంచిన మాంసకృత్తుల పట్టు నెమ్మదిగా సడలాలి. అప్పుడు గిర్నీలో, అంటే పిండిమరలో, గింజ మెత్తగా విడిపోతుంది, రేణువులు చితకవు. పొడి బియ్యం పట్టిస్తే రాపిడికీ వేడికీ రేణువులు దెబ్బతింటాయి. దెబ్బతిన్న రేణువు మామూలు దానికంటే ఎన్నో రెట్లు నీళ్లు తాగుతుంది. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో చేసిన సకినాలు ఆరేటప్పుడు పగుళ్లు బారడానికి అదే కారణం.

నానిన బియ్యాన్ని జల్లెట్లో అరగంట వడకట్టి, బట్ట మీద ఇరవై నిమిషాలు పరవండి. పిడికిట పడితే చెయ్యి చెమ్మగిల్లాలి, నీళ్లు మాత్రం కారకూడదు. తూకం ఉంటే ఇంకా మంచిది. కిలో బియ్యం ఇప్పుడు కిలో 300 గ్రాములకు దగ్గరగా తూగాలి. కిలో 400 దాటిందంటే ఇంకా పోవాల్సిన నీళ్లున్నాయి. అలాగే పట్టిస్తే పిండి గిర్నీ రాయికి అంటుకుంటుంది, గిర్నీ అతని తిట్లు అదనం. మిక్సీలోనూ చేయొచ్చు. గుప్పెడు గుప్పెడు వేసి ఆపి ఆపి తిప్పాలి, వేడెక్కనివ్వకూడదు. ఏ పద్ధతిలో చేసినా సన్న జల్లెడ పట్టడం తప్పనిసరి, ఎందుకో నూనె దగ్గర చెబుతాను. తడిపిండిని మర్నాటికి ఉంచొద్దు. అది పులుస్తుంది, అందులోని పిండిపదార్థం కొంత చక్కెరగా విడిపోతుంది. తెల్లగా రావాల్సిన సకినాలు నూనెలో ఎర్రబడటానికి ఎక్కువసార్లు కారణం ఇదే, అందరూ మంటను తిడతారు గానీ.

కలపడానికి చన్నీళ్లు వాడండి. ఉప్పును ముందే ఆ నీళ్లలో కరిగిస్తే ఒకచోట ఉప్పగా, ఒకచోట చప్పగా ఉండదు. వామును అరచేతుల మధ్య నలిపి వేయాలి. దాని వాసన ఎక్కువగా థైమాల్ అనే పదార్థంలో ఉంటుంది, గింజ నలిగితేనే అది బయటికొస్తుంది. నువ్వులు వేయించక్కర్లేదు, ఎలాగూ నూనెలో వేగుతాయి. 350 మిల్లీలీటర్ల నీళ్లతో మొదలుపెట్టి తర్వాత చెంచా చెంచాగా చేర్చండి. సాధారణంగా 400, 450 దగ్గర ఆగుతుంది. చిన్న ముద్ద తీసి వేళ్ల మధ్య మెలితిప్పితే జానెడు పొడవు తెగకుండా దిగాలి, పళ్లెంలో పెడితే మెలిక గీతలు అలాగే నిలవాలి. గీతలు కరిగిపోతే నీళ్లు ఎక్కువైనట్టే. అప్పుడు కొంచెం తడిపిండి కలపాలి, పొడిపిండి కాదు. కలిపాక తడిబట్ట కప్పి అరగంట వదిలేస్తే నువ్వులు తమకు కావాల్సిన నీళ్లు పీల్చుకుంటాయి, తడి అంతటా సర్దుకుంటుంది.

కొందరు చుట్టడం తేలికవుతుందని మరిగే నీళ్లు పోస్తారు. తేలికైన మాట నిజమే. వేడికి పైపైన కొంత పిండి ఉడికి జిగురవుతుంది. కానీ ఆ జిగురే తర్వాత నూనెలో ఆవిరి దారి మూసేస్తుంది. ఈ సౌకర్యం వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

చుట్టడానికి పాత నూలు ధోవతి గానీ చీర గానీ కావాలి, గంజి పెట్టనిది. పాలిస్టర్ బట్ట నీళ్లు పీల్చదు కాబట్టి సకినం అడుగు తడిగానే ఉండి, ఎత్తేటప్పుడు బట్టకే అంటుకుంటుంది. తాడు లావు ఏడెనిమిది మిల్లీమీటర్లు, అంటే చిటికెనవేలి కంటే సన్నంగా ఉండాలి. ఇది అందం కోసం చెప్పే లెక్క కాదు. తడి లోపలి నుంచి పైకి పాకుతూ బయటికి రావడానికి పట్టే సమయం, లావు రెట్టింపైతే దాదాపు నాలుగింతలవుతుంది. లావు సకినం పైన వేగినా లోపల పచ్చిగానే ఉంటుంది. మెలిక కూడా ఉత్త అలంకారం కాదు. మెలితిప్పుతుంటే రేణువులు దగ్గరగా సర్దుకుని మధ్యలో చిక్కుకున్న గాలి బయటికి పోతుంది, పైన ఏర్పడిన గాడుల వల్ల ఆవిరి పోయే ఉపరితలమూ పెరుగుతుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య తాకుడు ఉంటే చాలు, వేలితో నొక్కి కలపొద్దు. చివర కొసను ముందున్న చుట్టు మీదికి ఎక్కించకుండా పక్కకు ఆనించాలి. అలా చుట్టితే కిలో బియ్యానికి అరచేయంత సకినాలు నలభై వరకు వస్తాయి.

బట్ట మీద గంట, గంటన్నర. ఆ తర్వాత అంచు ఎత్తి చూస్తే అడుగు శుభ్రంగా విడివడాలి, పైన ఇంకా పచ్చిదనం కనబడాలి. అంచులు తెల్లబారి వెంట్రుకవాసి చీలికలు వచ్చాయంటే ఆలస్యమైంది. అలాంటివాటిని నూనెలో వేయొద్దు. పిండి ఇంకా పచ్చిదే కాబట్టి విరిచి, నీళ్లు చిలకరించి, మళ్లీ మెదిపి చుట్టుకోవచ్చు. తొందరపడి ఫ్యాన్ పెడితే పైపొర త్వరగా కుంచించుకుపోతుంది, అడుగు కుంచించుకోదు, చుట్టు వంగి చీలుతుంది. మితిమీరి ఆరితే ఇంకో చిక్కు కూడా ఉంది. బియ్యప్పిండి రేణువులు 65 నుంచి 80 డిగ్రీల మధ్య నీళ్లు పీల్చి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కోవాలి. దానికి కావాల్సిన నీళ్లే మిగలకపోతే రేణువులు ఉడకకుండానే ఎండిపోతాయి. కొరికితే పంటికింద ఇసుకలా, రాయిలా తగిలేది అందుకే.

ఇక పేలుడు. ఒక మిల్లీలీటరు నీళ్లు మరిగి ఆవిరైతే దాదాపు 1,670 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది. బట్ట మీంచి తీసిన ఒక్కో సకినంలో పదిహేను గ్రాముల వరకు నీళ్లుంటాయి. అంటే నూనెలో ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో ఒక్క సకినం నుంచి ఇంచుమించు 25 లీటర్ల ఆవిరి బయటపడాలి. పిండిలో సన్నసన్న దారులుంటే అది బుడగలుగా హాయిగా పోతుంది. నువ్వులున్న చోట పిండి పొర తెగి ఉంటుంది కాబట్టి అదీ ఆవిరికి దారే. దారి మూసుకున్న చోట ఒత్తిడి పెరిగి, గట్టిపడిన పైపొర ఒక్కసారిగా బద్దలవుతుంది, నూనె ఎగజిమ్ముతుంది. దారి మూసేవి ఇవీ: జల్లెడ పట్టని పిండిలోని ఉండలు, తాడు మడత పడినప్పుడు చిక్కిన గాలి, చుట్టు మీద చుట్టు ఎక్కిన కొస, వేడినీళ్ల వల్ల వచ్చిన జిగురు పొర, పొగలు కక్కే నూనె. పేలిన సకినాన్ని తీసి చూడండి, ఎక్కువసార్లు పగిలింది ఆ కొస దగ్గరే ఉంటుంది.

అందుకే మూకుడులో సగానికి మించి నూనె పోయకండి. సకినాన్ని అంచు నుంచి అవతలి వైపుకు జారవిడవండి, ముఖం మీదికి వంగొద్దు, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు. మూత పెట్టి వేయించొద్దు, మూతకు పట్టిన నీటిబొట్లు నూనెలో పడితే అదో చిటపట. మూత చేతికందేలా మాత్రం ఉండాలి, నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి కప్పడానికి, నీళ్లు అసలు పోయకూడదు. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా పూయొద్దు.

నూనె వేడి 170, 180 డిగ్రీల మధ్య ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే చిటికెడు పిండి వేయండి, అది మునిగి రెండు మూడు సెకన్లలో తేలాలి. లీటరు నూనెకు ఒకసారి రెండు, మహా అయితే మూడు సకినాలు. ఎక్కువ వేస్తే వేడి పడిపోతుంది, పిండి గట్టిపడకముందే చుట్లు విడిపోతాయి. పైపొర బిగిశాక ఒక్కసారి తిరగేస్తే చాలు. వేగిందో లేదో రంగును బట్టి చూడకండి, బుడగలను చూడండి. లోపల నీళ్లున్నంతసేపు సకినం నడిమి భాగం వంద డిగ్రీల దగ్గరే ఉంటుంది, బుడగలు ఉధృతంగా వస్తాయి. చప్పుడు తగ్గి బుడగలు సన్నబడ్డాయంటే నీళ్లు దాదాపు అయిపోయినట్టు. అప్పుడే తీయాలి, పాలరంగు ఉండగానే.

నూనె సకినంలోకి వేగేటప్పుడు ఎక్కుతుందని అనుకుంటాం. వేగుతున్నంతసేపూ లోపలి నుంచి ఆవిరి బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి నూనె పెద్దగా చొరబడలేదు. బయటికి తీశాక సకినం చల్లారుతుంటే లోపలి ఆవిరి మళ్లీ నీరవుతుంది, ఖాళీ ఏర్పడుతుంది, ఉపరితలం మీదున్న నూనెను ఆ ఖాళీ లోపలికి పీల్చేస్తుంది. ఎక్కువ నూనె చేరేది ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే. అందుకని మూకుడు మీదే చిల్లుల గరిటెలో పది సెకన్లు పట్టుకుని విదిలించి, జల్లెట్లో నిలువుగా ఆనించండి. వేడివి ఒకదానిపై ఒకటి పేరిస్తే కిందివి నూనెలో నానినట్టే.

పల్లినూనె ఈ పనికి బాగుంటుంది. సన్‌ఫ్లవర్ నూనెలో గాలికి త్వరగా పాడయ్యే కొవ్వు ఎక్కువ, కాబట్టి ఎక్కువ రోజులు నిలవ ఉండాల్సిన సకినాలకు అంత నప్పదు. మాడి చిక్కబడి నురగ కడుతున్న నూనెను మళ్లీ వాడొద్దు. ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి వేపుడు నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటకూడదని హద్దు పెట్టింది. ఇంట్లో అది కొలవలేం గానీ నురగ, పొగ, జిడ్డు వాసన చూస్తే తెలిసిపోతుంది.

చుట్టగా మిగిలిన పిండిలో ఉల్లి ఆకు, నానిన శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి నూనె రాసిన సర్వ గిన్నెకు లోపల అద్ది, వేలితో చిల్లులు పెట్టి, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చండి. దీన్ని కొన్నిచోట్ల గిన్నప్ప అంటారు, కొన్నిచోట్ల సర్వపిండి. ఇక్కడ మూత ఉండాల్సిందే, ఆవిరి లోపల నిలిచి మధ్యభాగం మెత్తగా ఉడుకుతుంది.

పంపే సంగతికొద్దాం. కొత్తగా పెళ్లైన బిడ్డ అత్తగారింటికైనా, హైదరాబాద్ హాస్టలుకైనా, అమెరికాకైనా వేడి పూర్తిగా తగ్గకముందే కట్టొద్దు. చేతికి చల్లగా తగిలినా లోపల వెచ్చదనం ఉంటుంది, డబ్బా మూసేస్తే ఆ వేడికి వచ్చిన తేమ పైపొరను మెత్తబరుస్తుంది. పూర్తిగా చల్లారేదాకా పలచటి బట్ట కప్పి ఉంచి, ఆ వెంటనే స్టీలు డబ్బాలో పెట్టండి. గట్టి మూత ఉంటే మూడు వారాలు కరకరలాడతాయి. మెత్తబడినవి చెడినట్టు కాదు. 120 డిగ్రీల వేడి ఉన్న ఓవెన్‌లో, లేదా దళసరి పెనం మీద సన్నని సెగకు ఎనిమిది నిమిషాలు వెచ్చబెట్టి చల్లారిస్తే మళ్లీ కరకరలాడతాయి. ముక్కిన వాసన వచ్చిన వాటికి మాత్రం మందు లేదు. దూరం పంపేటప్పుడు సకినాలను గాజుల్లా నిలువుగా పేర్చి, పొరకూ పొరకూ మధ్య వంటకు వాడే కాగితం పెట్టి, ఖాళీలను మరమరాలతో బిగించండి, కదిలితేనే విరుగుతాయి. దినపత్రికల్లో చుట్టొద్దు, అచ్చు సిరా నూనెకు అంటుతుంది. విరిగిన ముక్కల్ని పార్సిల్లో వేయకుండా చాయలోకి ఇంట్లోనే ఉంచుకోండి.