కూలిన చెట్టు ఎటు పడింది: బలహీన టోర్నడోల రేటింగ్ వెనక కథ

అమెరికాలో ఏటా నమోదయ్యే టోర్నడోల్లో అత్యధికం బలహీనమైనవే. అక్కడి జాతీయ వాతావరణ సేవా సంస్థ వాటికి ఈఎఫ్-0 లేదా ఈఎఫ్-1 రేటింగ్ ఇస్తుంది; టోర్నడో బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా చెప్పే ఈఎఫ్-స్కేలులో ఇవి అన్నిటికన్నా కింది మెట్లు. ఆ అంకెను చూసి, ఎవరో పరికరం పెట్టి కొలిచిన గాలివేగమని అనుకునేవారే ఎక్కువ. నిజానికి అది సుడిగాలి దాటిపోయాక, అది వదిలి వెళ్లిన నష్టాన్ని నడిచి చూసిన మనిషి వేసిన అంచనా.

ఈ పద్ధతికి ఆద్యుడు షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా. గాలి బలాన్ని చెప్పడానికి సముద్రయానంలో వాడే బోఫర్ట్ స్కేలులోని 12వ స్థాయికీ ధ్వని వేగానికీ మధ్య ఉన్న అంతరాన్ని 12 మెట్లుగా విడగొట్టి, 1971లో ఆయన ఎఫ్-స్కేలును ప్రతిపాదించారు. ఆచరణలో ఎఫ్-0 నుంచి ఎఫ్-5 వరకే వాడారు. ఏ మెట్టులో ఇల్లు ఎలా దెబ్బతింటుందో వర్ణన ఉండేది కానీ, ఆ వేగానికే ఆ నష్టం జరుగుతుందని ఇంజనీర్లు పరీక్షించి తేల్చలేదు. ఆ తరువాత 1950 నుంచి జరిగిన పాత టోర్నడోలకు కూడా పత్రికల కత్తిరింపులు ముందు పెట్టుకుని, ఎక్కువగా విద్యార్థుల చేత, రేటింగులు వేయించారు. విలేకరి ‘కొట్టం నేలమట్టమైంది’ అని రాస్తే, ఆ కొట్టం ఎంత గట్టిదో తెలియకుండానే దానికో అంకె పడింది. నేటికీ పరిశోధకులు వాడుతున్న చరిత్ర పట్టికకు పునాది ఇదే కాబట్టి, దానిని కొంత అనుమానంతో చదవడమే మంచిదని నా అభిప్రాయం.

బలహీనమైన గాలి విషయంలో ‘ఎంత బలం’ అనే ప్రశ్న కన్నా ముందు ‘అసలు అది టోర్నడోయేనా’ అనే ప్రశ్న వస్తుంది. దీనికి సమాధానం వెతికే దారి చూపినవారూ ఫుజిటాయే. 1945లో అణుబాంబు పడిన తరువాత నాగసాకి వెళ్లిన ఆయన, శ్మశానాల్లోని వెదురు పూలగొట్టాలు ఏ వైపు కాలాయో చూసి, బాంబు ఎంత ఎత్తులో పేలిందో లెక్కకట్టే ప్రయత్నం చేశారు. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో అమెరికాలో 148 టోర్నడోలు విరుచుకుపడ్డాక, విమానం నుంచి పశ్చిమ వర్జీనియా అడవులను చూస్తుండగా, ఒకచోట చెట్లు ఒక మధ్య బిందువు నుంచి బయటికి, నక్షత్రపు కిరణాల్లా పడి ఉండటం గమనించారు. ఇది సుడి చేసే పని కాదని, మేఘం నుంచి కిందికి దూకి నేలను తాకి నలుదిక్కులా చెదిరిన గాలి చేసిన పనని ఆయన వాదించారు. 1975లో న్యూయార్క్‌లో జరిగిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమాన ప్రమాదాన్ని పరిశీలించి, దాని వెనకా ఇలాంటి గాలే ఉందని ఆయన తేల్చాక ఆ వాదానికి బలం చేకూరింది.

సర్వేకు వెళ్లిన వాతావరణ నిపుణుడు ఇప్పటికీ మొదట చూసేది పడిన చెట్ల దిశనే. దారికి ఇరువైపులా మానులు లోపలికి, ఒకదానివైపు ఒకటి వాలి ఉంటే సుడి అనుమానం బలపడుతుంది. అన్నీ ఒకే వైపుకో, విసనకర్రలా విప్పారినట్లో పడి ఉంటే మామూలు ఈదురుగాలి అవుతుంది. ఇంటి నాలుగు గోడల మీదా ఆకు ముక్కలు, బురద అంటుకుని ఉన్నాయా అన్నదీ చూస్తారు. చెట్లు పది పన్నెండే ఉన్న చోట ఈ తీర్పు ఎంత కష్టమో ఊహించవచ్చు. తొలగింపు సిబ్బంది ముందే వచ్చి కొమ్మలను కుప్ప పోసి ఉంటే, సగం సాక్ష్యం పోయినట్లే.

ఫుజిటా ఎఫ్-స్కేలును మెరుగుపరచి, 2007 ఫిబ్రవరి నుంచి అమలు చేసిన ఈఎఫ్-స్కేలు టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. ఇందులో ఇల్లు, బడి, చెట్టు వంటి 28 నష్ట సూచికలున్నాయి. ఒక్కొక్కదానికీ నష్టపు స్థాయిలు, ప్రతి స్థాయికీ నిపుణులు అంచనా కట్టిన గాలివేగం (మూడు సెకన్ల పాటు వీచే గాలి సగటు) ఉంటాయి. ఈఎఫ్-0 అంటే గంటకు 65 నుంచి 85 మైళ్లు, ఈఎఫ్-1 అంటే 86 నుంచి 110 మైళ్లు. గట్టి కలప చెట్టు వేళ్లతో సహా పెకలిపోతే అంచనా 91 మైళ్లు, మాను విరిగితే 110. అదే ఇంటి పైకప్పు మీద కప్పిన పైపొరలో ఐదో వంతు కన్నా తక్కువ ఎగిరిపోతే 79. అయితే వేరు కుళ్లిందా, నేల వాననీటితో మెత్తబడిందా, మేకులు సరిగా కొట్టారా అన్నది చూసి ఈ అంకెను పెంచడమో తగ్గించడమో సర్వేయరు చేతిలో పని. కాబట్టి ఈఎఫ్-0కూ ఈఎఫ్-1కూ మధ్య గీత కొన్నిసార్లు ఒక పుచ్చు మాను మీదుగా పోతుంది.

కొట్టడానికి ఏమీ లేని పొలం మీదుగా వెళ్లిన సుడి మాటేమిటి? చాలాకాలం అలాంటివాటికి సున్నా రేటింగే అలవాటుగా పడింది. 1990లలో, మేఘంలో గాలి కదలికను దూరం నుంచే కొలిచే డాప్లర్ రాడార్లు దేశమంతా నెలకొన్నాక, ఆపై అందరి చేతికీ ఫోన్ కెమెరాలు వచ్చాక, పట్టికలో పెరిగిన సంఖ్యలో ఎక్కువ భాగం ఈ అడుగు మెట్టుదే. గాలులు పెరిగాయని దాన్నిబట్టి చెప్పలేం, చూసే కళ్లు పెరిగాయని మాత్రం చెప్పవచ్చు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో దగ్గర సంచార రాడార్ గంటకు 290 మైళ్లకు పైగా గాలిని పసిగట్టినా, దొరికిన నష్టాన్ని బట్టి ఆ టోర్నడోకు ఈఎఫ్-3 మాత్రమే దక్కింది. బలమైన సుడికే ఇలా జరిగితే, పచ్చిక మీద అయిదు నిమిషాలు తిరిగి మాయమైన సుడి అసలు బలం పట్టికకు ఎక్కే వీలే లేదు. గడచిన దశాబ్దంలో ఇలాంటి వాటికోసం ‘ఈఎఫ్-యు’, అంటే బలం తెలియనిది, అనే గుర్తు వాడుకలోకి వచ్చింది. అంతకు ముందు సున్నాగా నమోదైనవాటిలో ఎన్ని నిజంగా బలహీనమైనవో, ఎన్ని దారిలో ఏమీ తగలక బలహీనంగా కనిపించినవో ఆ పట్టికను చూసి విడదీయడం సాధ్యం కాదు.